కొబ్బరి మొవ్వుకు పైన వంద మీటర్లు

కోనసీమలోని అంబాజీపేట చుట్టుపక్కల ఎగిరే డ్రోన్‌కు రెండు హద్దులుంటాయి. కింది హద్దు కొబ్బరి చెట్లు పెట్టింది. ఇక్కడి తోటల్లో తరతరాలుగా పెరుగుతున్న తూర్పు తీరపు పొడుగు రకం చెట్టు ముదిరేసరికి పదిహేను, ఇరవై మీటర్ల ఎత్తు అందుకుంటుంది. పై హద్దు ప్రభుత్వం పెట్టింది. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగలిగేది 400 అడుగుల వరకే, అంటే సుమారు 120 మీటర్లు. మొవ్వుకూ చట్టానికీ నడుమ మిగిలిన ఆ వంద మీటర్ల ఆకాశమే కోనసీమలో కొత్తగా డ్రోన్ పట్టుకున్నవారి మైదానం.

డ్రోన్ నేర్చుకునేవారికి ఎక్కడైనా చెప్పే మొదటి మాట ఖాళీ జాగా చూసుకోమని. కోనసీమలో కష్టమంతా అక్కడే మొదలవుతుంది. ఊరు తోటలో ఉంటుంది, తోట పక్కన కాలువ ఉంటుంది, కాలువ గట్టున కరెంటు తీగ ఉంటుంది. సార్వా కోతలయ్యాక దాళ్వా ఊడ్పులు పడేదాకా, మళ్లీ దాళ్వా పంట ఇంటికి చేరాక తొలకరి దాకా చేలు ఖాళీగా ఉంటాయి. మిగతా రోజుల్లో హైస్కూలు గ్రౌండే దిక్కు. అందుకే ఏ డ్రోన్ కొనాలి, దానికి ఏ సామాను జత చేయాలి, ఏ వేళకు ఎగరేయాలి అన్న ప్రశ్నలకు ఇక్కడ జవాబు కంపెనీ అట్టపెట్టె మీద దొరకదు. చెట్టు ఎత్తును బట్టి, గాలిని బట్టి, నీటిని బట్టి వెతుక్కోవాలి.

నాలుగు మూలలా నలుగురు

నాలుగు రెక్కల యంత్రం ఆలోచన కొత్తదేమీ కాదు. 1907లో ఫ్రాన్స్‌లోని డూయే పట్టణంలో లూయీ బ్రెగే తన తమ్ముడితో, ప్రొఫెసర్ షార్ల్ రిషేతో కలిసి ‘జైరోప్లేన్’ అనే యంత్రం కట్టాడు. మనిషిని కూర్చోబెట్టుకుని అది నేలను వదిలింది. కానీ ఒరిగిపోకుండా నాలుగు మూలలా నలుగురు మనుషులు పట్టుకుని నిలబడవలసి వచ్చింది. 1922 డిసెంబరులో అమెరికాలోని డేటన్ దగ్గర జార్జ్ డి బోతెజా సైన్యం కోసం చేసిన నాలుగు రోటర్ల యంత్రం ఎవరూ పట్టుకోకుండానే గాలిలో నిలిచింది. అయితే నడపడం మరీ కష్టమై సైన్యం దాన్ని పక్కన పెట్టేసింది.

రెండు యంత్రాలూ నేలను వదిలాయి. నిలిచే నేర్పే కొరవడింది. నాలుగు ఫ్యాన్ల మీద నిలబడ్డ వస్తువు అరచేతిలో నిలువుగా నిలబెట్టిన కర్ర లాంటిది. ఒరగడం మొదలైన మరుక్షణమే చెయ్యి కదలాలి. ఆ చురుకు మనిషికి లేదు. బ్రెగే నిలబెట్టిన నలుగురు చేసిన పనిని ఈనాడు వేలిగోరు కంటే చిన్న చిప్ చేస్తోంది. సిలికాన్ మీద చెక్కిన సూక్ష్మమైన గైరోస్కోపు, యాక్సెలెరోమీటరు డ్రోన్ ఎటు తిరుగుతోందో, ఎంత ఒరిగిందో సెకనుకు వేలసార్లు కొలుస్తాయి. ఫ్లైట్ కంట్రోలర్ ఆ కొలతను పైలట్ అడిగిన దానితో సరిచూసి, ఏ మోటారు వేగం పెరగాలో ఏది తగ్గాలో చెబుతుంది. స్మార్ట్‌ఫోన్లు కోట్లలో తయారై ఈ చిప్‌ల ధర పడిపోయాకే డ్రోన్ సామాన్యుడి చేతికొచ్చింది. పారట్ కంపెనీ ఏఆర్ డ్రోన్ 2010లో, డీజేఐ ఫాంటమ్ 2013లో అంగట్లోకి వచ్చాయి.

నాలుగు మోటార్లలో రెండు సవ్యంగా, రెండు అపసవ్యంగా తిరుగుతాయి. ఎదురెదురు మూలల్లో ఉన్నవి ఒకే దిశలో తిరుగుతాయి. రెక్క ఒకవైపు తిరిగితే చట్రం రెండో వైపు తిరగబోతుంది కాబట్టి ఒక జత మెలిని రెండో జత కొట్టేస్తుంది. వెనక మోటార్లు వేగం పెంచితే డ్రోన్ ముందుకు ఒరిగి ముందుకు సాగుతుంది. ఒక జత వేగం పెంచి రెండో జతది తగ్గిస్తే ఎత్తు మారకుండా ఉన్నచోటే ముక్కు తిప్పుకుంటుంది. రెక్కలు మార్చేటప్పుడు చాలామంది తడబడేది ఇక్కడే. సవ్యం రెక్కను అపసవ్యం మోటారుకు బిగిస్తే గాలి కిందికి బదులు పైకి పోతుంది, డ్రోన్ లేస్తూనే పల్టీ కొడుతుంది. రెక్క మీద ఎత్తుగా ఉండే అంచు మోటారు తిరిగే వైపుకు ఉందో లేదో వేలితో తడిమి చూస్తే చాలు.

ముందు కొనాల్సింది డ్రోన్ కాదు

మొదటిరోజే కెమెరా డ్రోన్ కొనేసి తోటలో ఎగరేసేవారు సాధారణంగా మొదటి వారంలోనే చెట్టెక్కి కొబ్బరి దింపు తీసేవాళ్ల కోసం కబురు పంపుతారు. ఖర్చు తక్కువగా తేలే దారి వేరే ఉంది. ముందుగా మంచి రేడియో ట్రాన్స్‌మిటర్ ఒకటి కొనాలి. దాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు తగిలించి లిఫ్టాఫ్, వెలోసీడ్రోన్ లాంటి సిమ్యులేటర్లలో చేయి తిప్పుకోవాలి. అక్కడ చెట్టుకు గుద్దితే ఒక్క మీట నొక్కి మళ్లీ మొదలు పెట్టవచ్చు. డ్రోన్లు మారినా రేడియో మారదు కాబట్టి ఆ పెట్టుబడి ఎటూ పోదు. ఎక్కువమంది వాడేది ‘మోడ్ 2’ అమరిక. అందులో ఎడమచేతి పుల్ల ఎత్తునూ ముక్కు తిరగడాన్నీ చూసుకుంటుంది, కుడిచేతి పుల్ల ముందువెనకలనూ పక్కలకు ఒరగడాన్నీ చూసుకుంటుంది.

రెండో మెట్టు అరచేతిలో పట్టే ‘టైనీ వూప్’. మోటారు నుంచి ఎదురు మూల మోటారుకు 65 మిల్లీమీటర్లు, బరువు పాతిక గ్రాముల లోపు, రెక్కల చుట్టూ ప్లాస్టిక్ గాజులు. ఒక్క సెల్ బ్యాటరీతో మూడు, నాలుగు నిమిషాలు ఎగురుతుంది. హాల్లో కుర్చీల కింద నుంచి తిప్పినా గోడకు దెబ్బ తగలదు, దానికీ తగలదు. ఇంకా తక్కువలో కావాలంటే రెండు, మూడు వేల రూపాయలకు దొరికే బొమ్మ డ్రోన్ ఉంది. దానికి జీపీఎస్ ఉండదు కాబట్టి గాలికి కొట్టుకుపోతుంది. ఆ కొట్టుకుపోవడాన్ని చేత్తో ఆపడం వచ్చినవారికి తర్వాత ఖరీదైన డ్రోన్‌లో జీపీఎస్ తప్పిపోయినప్పుడు చేతులు వణకవు.

సాధన చేయాల్సినవి నాలుగే. తల ఎత్తులో ఒకచోట నిలపడం, చదరంగా నడపడం, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పడం, డ్రోన్ ముక్కు తన వైపు తిప్పుకుని ఇవే మళ్లీ చేయడం. చివరిదే గట్టి పరీక్ష. ముక్కు ఎదురుగా ఉన్నప్పుడు పైలట్ కుడి డ్రోన్‌కు ఎడమవుతుంది. తిరిగి వస్తున్న డ్రోన్లు చెట్లకు తగలడానికి ఈ తికమక పెద్ద కారణం.

ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది. ఫొటోలు, వీడియోలు కావాలన్నవారు జీపీఎస్ ఉన్న కెమెరా డ్రోన్ వైపు వెళ్తారు. పక్షి చూపుతో ఎగరాలన్నవారు గాగుల్స్ పెట్టుకుని నడిపే ఎఫ్‌పీవీ వైపు వెళ్తారు. గాగుల్స్ పెట్టుకున్నవారికి పక్కన ఏముందో కనబడదు కాబట్టి ఆకాశాన్ని కనిపెట్టే మనిషి ఒకరు తోడుండాలి. కొనేముందు ఇంకో సంగతి తెలిసి ఉండాలి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతిని కేంద్రం నిషేధించింది; రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకే మినహాయింపు ఉంది. విడిభాగాలకు ఆ నిషేధం లేదు. అందుకే మన దగ్గర చట్రం, మోటార్లు, బోర్డులు విడివిడిగా తెప్పించుకుని సొంతంగా కట్టుకోవడం విద్యార్థుల్లో బాగా పాకింది. అలా కట్టినవారికి టంకం పెట్టడం ఎలాగూ వస్తుంది, పడినప్పుడు బాగుచేసుకోవడానికి మెకానిక్ కోసం వెతకక్కర్లేదు.

మోటారు పక్కన రాసి ఉండే ‘కేవీ’ అన్నది కిలోవోల్టు కాదు. ఒక్క వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లన్న లెక్క అది. 2,300 కేవీ మోటారుకు నిండా ఛార్జయిన నాలుగు సెల్‌ల బ్యాటరీ, అంటే 16.8 వోల్టులు తగిలిస్తే రెక్క లేనప్పుడు నిమిషానికి 38,640 చుట్లు తిరుగుతుంది. రెక్క బిగించాక అంత తిరగదు కానీ వేలు తెగడానికి అందులో కొంతైనా చాలు. బల్ల మీద మోటార్లు పరీక్షించేటప్పుడు రెక్కలు ఊడదీసి పెట్టుకోవడం ఈ పనిలో మొదటి నియమం.

పీచు పక్కన పెట్టకూడనిది

సామానులో అన్నిటికంటే జాగ్రత్త కోరేది లిథియం పాలిమర్ బ్యాటరీ, వాడుకలో లిపో. ఒక్కో సెల్ 3.7 వోల్టులది, నిండితే 4.2. ‘4ఎస్’ అని ఉంటే నాలుగు సెల్‌లు వరసగా కలిపారని అర్థం. 1,500 ఎంఏహెచ్, 4ఎస్ బ్యాటరీలో దాగిన శక్తి 22 వాట్ అవర్లు. దాన్ని కొద్ది నిమిషాల్లోనే గుమ్మరించగలగడం దాని గొప్ప, ప్రమాదం కూడా.

సెల్ 3.5 వోల్టుల దాపుకు రాగానే దింపేయాలి. బొత్తిగా పిండేస్తే సెల్ మళ్లీ కోలుకోదు. నిండా ఛార్జి చేసి వారాల తరబడి అలమరలో ఉంచితే ఉబ్బుతుంది. అందుకే రెండు, మూడు రోజులకు మించి ఎగరేయని పక్షంలో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర నిలిపి ఉంచాలి. మంచి ఛార్జర్లలో దీనికి ‘స్టోరేజ్’ అనే మీట ఉంటుంది. డ్రోన్ ధరలో కక్కుర్తి పడినా ఫరవాలేదు, సెల్‌లను విడివిడిగా సమం చేసే బ్యాలెన్స్ ఛార్జర్ దగ్గర పడకూడదు. 1,500 ఎంఏహెచ్ బ్యాటరీని 1.5 ఆంపియర్లతో నింపితే గంట పైచిలుకు పడుతుంది. ఆ గంటా మనిషి దగ్గరుండాలి.

కోనసీమ ఇళ్లలో ఇంకో జాగ్రత్త కావాలి. కొబ్బరి పీచు, డొక్కలు, ఎండు మట్టలు పెరట్లో గుట్టలుగా ఉంటాయి. లిపో అంటుకుంటే దానికి బయటి గాలి పెద్దగా అవసరం లేదు, లోపలి రసాయనాలే మంటను పోషిస్తాయి. పీచు పరుపు మీదో, కాయలు ఒలిచే చోటో ఛార్జింగ్ పెట్టకూడదు. సిమెంటు గచ్చు మీద పెట్టి పక్కన పొడి ఇసుక బకెట్ ఉంచుకోవాలి. ఉబ్బిన బ్యాటరీని సూదితో పొడవడం, ఎండలో నిలిపిన బండి డిక్కీలో వేసి మరిచిపోవడం రెండూ ముప్పే.

డాబా మీద, కాలువ పైన, ఆకు చాటున

చుట్టూ తోటలున్నప్పుడు కొత్తవారికి కనిపించే ఖాళీ చోటు ఇంటి డాబా. అక్కడి నుంచి లేపితే స్లాబులోని ఇనుప చువ్వలు డ్రోన్ దిక్సూచిని తప్పుదోవ పట్టిస్తాయి. దిక్సూచి ఒకటి చెప్పి జీపీఎస్ మరొకటి చెబితే డ్రోన్ నిలిచినచోట నిలవక చుట్లు తిరుగుతూ దూరం పోతుంది. వరి కోసిన చేలో చిన్న చాప పరిచి లేపడం మేలు. చాప లేకపోతే ఎండు గడ్డి రెక్కల్లోకి లేస్తుంది.

కాలువ మరో మాయ. ఇంటి లోపలా, నేలకు దగ్గరలోనూ కదలకుండా నిలవడానికి చాలా కెమెరా డ్రోన్లు కింది వైపు చూసే చిన్న కెమెరాను వాడతాయి. అది నేల మీద మచ్చలను, గీతలను గుర్తుపెట్టుకుని తాను కదిలిందో లేదో తేల్చుకుంటుంది. పారే నీటి మీద ఆ మచ్చలే కదులుతాయి. దమ్ము చేసిన మడిలో ఆకాశం ప్రతిబింబిస్తుంది. నీటికి ఒకటి, రెండు మీటర్ల ఎత్తులో పోయిన డ్రోన్ ఉన్నట్టుండి ప్రవాహంతో పాటు జరగడానికి కారణం ఇదే. కాలువ దాటాలంటే ఎత్తులో దాటాలి.

తోట లోపల చిక్కు ఇంకోరకం. మొవ్వు కింద ఉపగ్రహాల సంకేతాలు బలహీనపడతాయి. రేడియో వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీరు పీల్చుకుంటుంది కాబట్టి వాన వెలిసిన తోటలో పొడి తోటలో కంటే ముందుగా లింకు తెగుతుంది. తెగితే ఇంటికి తిరిగి వచ్చే ఏర్పాటు డ్రోన్‌లో ఉంటుంది. ముందే చెప్పి ఉంచిన ఎత్తుకు లేచి, తిన్నగా లేచినచోటికి వచ్చి దిగుతుంది. ఆ ఎత్తు పదిహేను మీటర్లని ఉంటే ఇరవై మీటర్ల చెట్టు దాన్ని పట్టేస్తుంది. అంబాజీపేటలో ఆ అంకెను నలభైకి పెంచి ఉంచుకోవాలి, లేపేముందు తగినన్ని ఉపగ్రహాలు దొరికేదాకా ఆగాలి. ‘ఇల్లు’ ఎక్కడుందో నమోదు కాకముందే లేస్తే తిరిగి వచ్చే చోటు దానికే తెలియదు.

ఇంత చేసినా మొవ్వులో చిక్కుకునే రోజు ఒకటి వస్తుంది. అప్పుడు దింపు తీసేవారే దిక్కు. చెట్టెక్కించే ముందు రేడియోలో మోటార్లు ఆపే స్విచ్ వేసి ఉందో లేదో చూడాలి. పైకి చేరినవారు మొదట బ్యాటరీ తీగ పీకి, ఆ తర్వాతే డ్రోన్ మీద చెయ్యి వేయాలి. కూత పెట్టే చిన్న బజర్ తగిలించి ఉంటే వంద చెట్లలో ఏ చెట్టో చెవితోనే పట్టుకోవచ్చు.

వెళ్లేటప్పుడు అర నిమిషం, వచ్చేటప్పుడు రెండు

తోటలో నిలబడ్డవారికి గాలి అంచనా తప్పుతుంది. చెట్ల మధ్య ఆకు కదలకపోయినా మొవ్వు దాటగానే బంగాళాఖాతం నుంచి వచ్చే గాలి నేరుగా తగులుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నానికి ఊపందుకుంటుంది. తెల్లవారిన తర్వాత మొదటి రెండు గంటలే నేర్చుకునేవారికి అనువైన వేళ. పుష్య, మాఘ మాసాల్లో మంచు తెర తొలగేదాకా ఆగక తప్పదు.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. గాలి లేనప్పుడు సెకనుకు 10 మీటర్లు పోయే డ్రోన్, సెకనుకు 6 మీటర్ల గాలిలో వాలుగా వెళ్తే 16 మీటర్ల వేగం అందుకుంటుంది. 480 మీటర్లు అర నిమిషంలో పోతుంది. తిరిగొచ్చేటప్పుడు మిగిలేది 4 మీటర్లే. అదే దూరానికి రెండు నిమిషాలు. వెళ్లేటప్పుడు బ్యాటరీ కొంచెమే తగ్గిందని మురిసిపోయినవారు వచ్చేటప్పుడు సగం దారిలో చేను మీద దించుకుంటారు. మొదట గాలికి ఎదురు వెళ్లి, అలసిన బ్యాటరీతో గాలివాలుగా ఇంటికి రావాలి. కోనసీమ మధ్యాహ్నాల్లో అంటే ముందుగా సముద్రం వైపు పోవాలన్నమాట.

దింపడంలోనూ ఒక కిటుకుంది. తిన్నగా వేగంగా కిందికి దించితే డ్రోన్ తాను తోసిన గాలి సుడిలోనే తాను పడి ఊగిపోతుంది. కొంచెం ముందుకు జరుపుతూ ఏటవాలుగా దించితే సుడి వెనకబడుతుంది.

249 గ్రాముల కథ

నిబంధనలు డ్రోన్లను బరువును బట్టి విడదీశాయి. 250 గ్రాముల వరకు నానో, అక్కడి నుంచి 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు స్మాల్, 150 వరకు మీడియం, ఆపైన లార్జ్. నానో నడపడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మైక్రోకు కూడా సరదా కోసమైతే అక్కర్లేదు, డబ్బు తీసుకుని పెళ్లి వీడియో తీస్తే కావాలి. చిన్న కెమెరా డ్రోన్లు 249 గ్రాముల దగ్గర ఆగడం వెనక కారణం ఈ తరహా గీతే. పెద్ద బ్యాటరీ తగిలించి గీత దాటిస్తే డ్రోన్ తరగతి కూడా మారిపోతుంది. నిబంధనలు మీరితే జరిమానా లక్ష రూపాయల దాకా ఉంటుంది.

ఎక్కడ ఎగరేయవచ్చో డిజిటల్ స్కై మ్యాప్ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో చూపుతుంది. విమానాశ్రయం ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల దూరంలో గ్రీన్ జోన్ ఎత్తు 200 అడుగులకు తగ్గుతుంది. మధురపూడి విమానాశ్రయం అంబాజీపేటకు దూరమే. అయినా తాటిపాకలో ఓఎన్‌జీసీ రిఫైనరీ, ఊళ్ల మధ్య చమురు బావులు, గ్యాస్ పైపులు ఉన్న సీమ ఇది కాబట్టి ఎగరేసే ప్రతి కొత్తచోటికీ మ్యాప్ చూసుకోవాలి. తిరుమల కొండ మీద డ్రోన్ నిషిద్ధం. ఇక మ్యాప్‌లో కనిపించని హద్దులు కొన్నుంటాయి. కాలువ రేవులో స్నానాలు చేసేవారి మీద, పొరుగింటి పెరటి మీద కెమెరా తిప్పితే గొడవ పోలీసు స్టేషన్ దాకా పోనక్కర్లేదు, పుంత మీదే తేలిపోతుంది.

పైనుంచి కనిపించేవి, కనిపించనివి

కనుమ రోజున అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు భుజాల మీద తరలివస్తాయి. వెదురు, రంగుల వస్త్రాలతో కట్టిన ఆ ప్రభలు చేలలోంచి, కౌశిక నది నీళ్లలోంచి సాగే దృశ్యం 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటమైంది. డ్రోన్ ఉన్న ప్రతివారికీ చెయ్యి దురద పెట్టే రోజది. జనం నడినెత్తిన ఎగరడం మాత్రం కూడదు. జనానికి 60 మీటర్లు పక్కగా, 60 మీటర్ల ఎత్తులో నిలిపి కెమెరాను 45 డిగ్రీలు వంచితే ప్రభ మొత్తం చట్రంలోకి వస్తుంది, మోటారు ఆగితే డ్రోన్ చేలో పడుతుంది. పోలీసుల ఆంక్షలున్న చోట పెట్టె మూత తీయకపోవడమే మంచిది.

తోట రైతుకు డ్రోన్ చూపేది వేరు. 2016లో మన దేశంలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ కోనసీమ కొబ్బరిని ఏళ్లుగా పీడిస్తోంది. అది ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది, జిగట కారుస్తుంది. ఆ జిగట కింది మట్టల పైవైపు పడి దాని మీద నల్లటి మసి తెగులు అల్లుకుంటుంది. మొవ్వుకు పది మీటర్ల పైన నిలిపిన కెమెరాలో ఏ చెట్టు మట్టలు నల్లబడ్డాయో వరసలవారీగా కనిపిస్తుంది. దోమ మాత్రం కనిపించదు, అది ఆకు చాటునే ఉంటుంది. పైనుంచి మందు కొట్టే డ్రోన్‌కూ ఇదే చిక్కు. రెక్కల గాలి మట్టలను ఊపి కొంత తుంపరను అడుగుకు చేర్చినా అంతా చేరదు. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ దోమ మీద మిత్ర పురుగులను, ఇసారియా అనే శిలీంధ్రాన్ని ప్రయోగించడానికి శ్రమించింది. ఆ పనిలో డ్రోన్ ఫొటో చేయగలిగే సాయం ముందు ఏ తోటకు వెళ్లాలో చెప్పడం.

సరదాగా మొదలైన విద్య జీవనోపాధి అయ్యే దారులు ఆంధ్రప్రదేశ్‌లో పెరుగుతున్నాయి. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు గట్టు గట్టునూ ఫొటో తీశాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు పడవలు పోలేని వీధుల్లోకి ఆహారం, మందులు, నీళ్లు మోశాయి. ఆ మరుసటి నెల 22న అమరావతి డ్రోన్ సమ్మిట్ సందర్భంగా పున్నమి ఘాట్ మీద 5,500 డ్రోన్లు ఒకేసారి వెలిగి గిన్నిస్ రికార్డులు కొట్టాయి. 2023 నవంబరులో ప్రారంభమైన నమో డ్రోన్ దీదీ పథకం కింద పొదుపు సంఘాల మహిళలకు మందు కొట్టే డ్రోన్లు ఇస్తున్నారు, ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు కేంద్రం భరిస్తోంది.

పది లీటర్ల మందు మోసే ఆ డ్రోన్ స్మాల్ తరగతిలోకి వస్తుంది. దానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తప్పనిసరి. వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, పదో తరగతి పాసై, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థలో పరీక్ష నెగ్గినవారికి పదేళ్లు చెల్లే సర్టిఫికెట్ ఇస్తారు. హాల్లో కుర్చీల కింద వూప్ తిప్పినవారికి ఆ శిక్షణలో పుల్లల పని కొత్త కాదు. వారు కొత్తగా నేర్చుకోవాల్సింది మందు పాళ్లు, తుంపర పరిమాణం, పక్క చేలో గాలివాటున ఏ పంట ఉందో చూసుకునే అలవాటు.